గ్రామాభ్యుదయ వాఙ్మయము: కర్త యెవరు?

కావ్యములకు విమర్శ కలదు. నాటకములకును నవలలకును విమర్శ కలదు. కాని మన దేశమున నేడు మిక్కిలి విస్తారముగా వెలువడుచున్న యొక వాఙ్మయమునకు మాత్రము విమర్శకులు లేరు. అది గ్రామాభ్యుదయ వాఙ్మయము. ప్రభుత్వశాఖల వార్షిక నివేదికలు, సేవాసంస్థల చిన్నపొత్తములు, బ్యాంకుల ప్రకటనలు, పత్రికలలోని విజయగాథలు, ఇవన్నియు ఒకచోట చేర్చినచో గొప్ప గ్రంథాలయమగును. వీనిని సాహిత్యజ్ఞులు సాహిత్యము కాదని విడిచిరి. అర్థశాస్త్రజ్ఞులు అంకెలు మాత్రము చూచి వాక్యములను విడిచిరి. పద్యమున యతి తప్పినచో ఎవరికిని అన్నము తప్పదు. ఈ వ్రాతలలోని దోషము బీదకుటుంబముల బ్రతుకులకు తగులును. కావున దీనిని చదువ నేర్చినవారు పరీక్షించుట ధర్మమని మేము తలచుచున్నాము.

పరీక్షకు మేము గైకొను సాధనము క్రొత్తది కాదు. బడిలో పిల్లలకు నేర్పు విభక్తులే చాలును. వాక్యమున కర్త యెవరు, కర్మ యెవరు, క్రియాఫలము ఎవరిని చేరుచున్నది అని మాత్ర మడుగుదము. ఏదేని యొక నివేదికను చేతబట్టి చూడుడు. ప్రభుత్వము పేదలకు గేదెల నిచ్చెను. సంస్థ స్త్రీలకు శిక్షణ యొసగెను. బ్యాంకు సంఘములకు ఋణము మంజూరు చేసెను. ఈ తీరుననే వాక్యములు నడచును. కర్తృపదము తఱచుగా ఊరి వెలుపల నుండును. బీదవాడు ద్వితీయలోనో చతుర్థిలోనో నిలుచును. 'పేదల కొఱకు' అను మాట ఈ వాఙ్మయమునకు మంగళాచరణ మైపోయినది. పేదలు ప్రథమావిభక్తిలో నిలిచి, నిర్ణయించిరి, నిరాకరించిరి, లెక్క యడిగిరి అను క్రియలతో కనబడు పుటలు బహు స్వల్పము. ఇది శైలీదోషము మాత్రమే యని త్రోసివేయరాదు. వాక్యమున చోటులేనివానికి సభలోను చోటుండదు.

ఈ వాఙ్మయమున తఱచుగా దొరలు రెండు మాటలను విచారింతము. మొదటిది 'ఉద్ధరణ'. పైకెత్తుట యని దాని యర్థము. ఎత్తువాడొకడు, ఎత్తబడువాడొకడు నుండిన గాని ఈ క్రియ సాగదు. తన్ను తానే యుద్ధరించుకొనవలెనని గీత బోధించినను, మనము ఆ బోధను వేదాంతమునకు విడిచి, ఊరి వ్యవహారమున మాత్రము ఎత్తువారి పాత్రను మనకే యుంచుకొంటిమి. రెండవది 'లబ్ధిదారు'. సంస్కృతపు లబ్ధికి పారసీకపు దారు చేర్చి కచేరీలలో పుట్టిన మాట యిది. దీనికి దొరకినది పుచ్చుకొనువాడని మాత్రమే యర్థము. ఏమి కావలెనో చెప్పినవాడను అర్థ మిందులో లేదు. ఒక స్త్రీని ఇరువది యేండ్లు లబ్ధిదారని పిలిచి, పిమ్మట ఆమెకు చొరవ లేదని నిందించుట న్యాయము కాదు.

మన సాహిత్యమున ఈ ప్రశ్నను తొలుత గట్టిగా లేవనెత్తిన గ్రంథము ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'. కారాగారమున రచింపబడి 1922లో వెలువడి, నాటి ప్రభుత్వముచే నిషేధింపబడిన యీ నవలను సంస్కారప్రియులందఱు నెఱుగుదురు. అందలి సంగదాసు కూలివారిని కూడగట్టును. చౌదరయ్య చేతి దెబ్బకు ప్రాణము విడుచును. పిమ్మట అతని పేర సంగపీఠము వెలయును. కూలివారు తమ కూలిని గూర్చి తాము నోరువిప్పు పట్టులలో ఆ గ్రంథమున వారే కర్తలు. సంస్థలు వెలసి విద్య సాగు పట్టులలో వారు మరల శిష్యులగుదురు. ఉన్నవవారి యుదారత నింతయు తక్కువ చేయక యీ మాట యనుచున్నాము. నాటి సంస్కర్తలలో ఆయన యెంత ముందుకు పోయెనో మేమెఱుగుదుము. కాని కూలివాడు మొదట అడిగెను, పిదప నేర్చెను అను క్రమమును మన గ్రామాభ్యుదయము తలక్రిందులు చేసి, మొదట నేర్వుము, పిదప అడుగుదువు గాని యని చెప్పుచున్నది. ఇదియే మా యాక్షేపణము.

అడుగుట మొదట వచ్చినచో నేమగునో చూపుటకు నెల్లూరు జిల్లా చాలును. 1991లో ఆ జిల్లాయందు అక్షరాస్యతోద్యమము సాగెను. రాత్రిబడులలో కూర్చున్న కూలిస్త్రీలు, తాము చదువుకొన్న పాఠమును తమ యింటి కష్టముతో పోల్చి చూచుకొనిరి. మగవాని కూలి సారాకొట్టునకు పోవుచుండగా పిల్లల కంచములు ఖాళీగా నుండుట వారికి క్రొత్త సంగతి కాదు. దానిని పదిమందిలో పలుకుట క్రొత్త. దూబగుంటలో స్త్రీలు సారాకొట్టును మూయించిరి. ఆ వృత్తాంతము పాఠ్యపుస్తకమున చేరి, ఇతర గ్రామముల స్త్రీలు దానిని చదివి తామును లేచిరి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో తొలగిపోయిన మాట వాస్తవమే. కాని మేము గమనింపగోరునది వేఱు. సారా నుండి మిగిలిన డబ్బులో దినమున కొక రూపాయి చొప్పున కూడబెట్టుకొనుట ఆ స్త్రీలలో వ్యాపించెను. దానికి 'పొదుపులక్ష్మి' యని పేరు వచ్చెను. ఇచ్చట నొక్క వాక్యమునను కర్తకై వెదకవలసిన పని లేదు. మూయించినవారు, కూడబెట్టినవారు, లెక్క వ్రాసికొన్నవారు వారే.

అటుపిమ్మటి కథ యిట్లే నిర్మలముగా సాగలేదు. 1992లో నాబార్డు అయిదువందల సంఘములను బ్యాంకులతో కలుపు ప్రయోగము మొదలిడెను. 2000లో మన రాష్ట్రమున పేదరిక నిర్మూలన సంస్థ యేర్పడి, ఊరి సంఘములను గ్రామసమాఖ్యగను, వానిని మండలసమాఖ్యగను, ఆపై జిల్లాసమాఖ్యగను కూర్చెను. ఈ నిర్మాణము సామాన్యమైనది కాదు. వడ్డీవ్యాపారి గడప తప్ప మఱియొక గడప యెఱుగని స్త్రీ బ్యాంకులోనికి నడచి కుర్చీలో కూర్చుండెను. దానిని అల్పమని యెవరును అనజాలరు. కాని సంఘములు వేలనుండి లక్షలకు పెరిగినకొలది, సంఘమేమి నిర్ణయించెనను ప్రశ్న వెనుకబడి, సంఘమునకెంత ఋణము చేరెనను ప్రశ్న ముందునకు వచ్చెను. నివేదికలలో ఋణమొత్తమే అభ్యుదయమునకు కొలబద్ద యయ్యెను. అప్పు పెరిగినకొలది ఊరు బాగుపడెనని వ్రాయు వాఙ్మయము లోకమున మఱెచ్చటనైన కలదో లేదో!

సంఘమను పాత్ర సిద్ధముగా నున్నది గదా యని దానిలో ఇతరులును తమ సరకు పోయజూచిరి. లాభాపేక్షగల సూక్ష్మఋణ కంపెనీలు ఊళ్లకు వచ్చెను. ఇచ్చట నొక సూక్ష్మమును మా చదువరులు గమనింపవలెను. పొదుపు సంఘములో ఒకతె వాయిదా తప్పినచో తక్కినవారు ఆమెను మందలింతురు. ఏలయన ఆ సొమ్ము తమ పదిమందిది. జ్వరము వచ్చి తప్పినదో, సోమరితనమున తప్పినదో వారికి తెలియును; ఒక నెల ఆగుదురు కూడ. కంపెనీ ఋణమునకును అదే పదిమంది పూచీ. కాని సొమ్ము పరులది, గడువు వారము వారము తప్పనిది. అక్కచెల్లెండ్ర నడుమనున్న స్నేహమే వసూలుకు పనిముట్టయ్యెను. బయటినుండి చూచువారికి రెండు సంఘములు నొక్కతీరుననే కనబడును. లోపల కర్త మాఱిపోయెను. 2006లో కృష్ణాజిల్లాలో అధికారులు ఇట్టి రెండు కంపెనీలకు చెందిన యేబదివఱకు శాఖలను మూయించిరి. పాఠము నేర్చినవారు తక్కువ. 2010 నాటికి అప్పు తీర్చలేక ప్రాణములు తీసికొన్న స్త్రీల వార్తలు రాష్ట్రమును కలచివేయగా, ఆ యేట అక్టోబరు 15న ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చెను. కంపెనీలు నమోదు కావలెననియు, వసూలు నెలకొకమాఱు పంచాయతీ కచేరిలోనే జరుగవలెననియు, వడ్డీ అసలును మించరాదనియు నందు విధింపబడెను. వడ్డీ అసలును మించరాదను నియమము మన ధర్మశాస్త్రములలో ప్రాచీనకాలముననే యున్నది. దానిని శాసనముతో మరల చెప్పవలసివచ్చుట మనము తెలివిమీఱితిమనుటకు గుఱుతు కాదు.

దోషము కంపెనీలదే యని ముగించుట సులభము, కాని పక్షపాతమగును. ప్రభుత్వములును సంఘమును ఓట్లపెట్టెగా చూచిన దినములు కలవు. 2014 ఎన్నికలవేళ సంఘముల అప్పులు రద్దగునను వాగ్దానములు వినవచ్చుటతో, అంతవఱకు పట్టుదలతో వాయిదాలు చెల్లించిన సంఘములు పెక్కు చెల్లింపు మానెను. తమ సొమ్మును తాము కాపాడుకొనుట యను నిష్ఠ, ఒకరిచ్చు వరమునకై యెదురుచూచుటగా మాఱెను. కంపెనీ ఆమెను భయపెట్టి కర్తృత్వమును లాగికొన్నది. వాగ్దానము చేసినవారు బుజ్జగించి దానిని లాగికొనిరి.

ఇక దీనికి ప్రతిగా నిలువదగిన యొక ప్రయత్నమును కొంచెము విపులముగా చెప్పుదుము. నాటి మెదకు జిల్లాలో, నేటి సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు ప్రాంతమున, 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యను సంస్థ పని మొదలిడెను. దానిని నడిపినవారిలో ముఖ్యుడగు పి. వి. సతీశ్‌గారు 2023లో స్వర్గస్థులైరి. అచ్చటి గ్రామములలో సంఘములుగా కూడినవారు ఎక్కువమంది దళితస్త్రీలు. వారికి దక్కిన భూములు ఎఱ్ఱని గరువు నేలలు, పలుచని మన్ను, వాననీరే దిక్కు. అదే కాలమున, 1983లో, కిలో రెండురూపాయల బియ్యము వచ్చెను. ఆకలిగొన్నవానికి అది మేలే. ఆ మేలును కాదనుట మా యుద్దేశ్యము కాదు. కాని బియ్యము చౌకయగుటతో మెట్టభూమిలో జొన్న విత్తు శ్రమకు విలువ తగ్గెను. చేలు బీడుపడెను. చేను బీడుపడగా కూలి పోయెను. చొప్పలేక పశువు పోయెను. పశువులేక ఎరువు పోయెను. ఎరువులేక చేను మరింత బీడయ్యెను. ఒక్క ధాన్యము తొలగుటతో ఊరి జీవనచక్రమంతయు నెట్లు నిలిచిపోవునో దీనివలన తెలియుచున్నది.

1990ల నడుమ ఆ సంఘముల స్త్రీలు తమ యూరికి తామే యొక ప్రత్యామ్నాయ చౌకధాన్య వ్యవస్థ నేర్పఱచుకొనిరి. బీడుభూమి గల చిన్నరైతునకు దున్నుటకు, ఎరువునకు, విత్తునకు అప్పు ఇత్తురు. కేంద్రప్రభుత్వపు గ్రామీణాభివృద్ధి శాఖ యొసగిన సొమ్మే యిందుకు మూలధనము. రైతు ఆ యప్పును రూపాయలలో గాక జొన్నలలో కొన్నియేండ్లపాటు తీర్చవలెను. ఆ జొన్నలు ఊరు దాటవు. మందులు చల్లక, వేపాకును బూడిదయు కలిపి, పాతపద్ధతిని గాదెలలో నిలువచేయుదురు. పనులు దొరకని వర్షకాలపు నెలలలో బీదయింటివారికి చౌకవెలకు కొలుతురు. వచ్చిన సొమ్ము మరల ఊరి ధాన్యనిధికే చేరును.

ఇందు మాకు మిక్కిలి విలువైనదిగా తోచినది జొన్న కాదు. బీదలు ఎవరని నిర్ణయించిన తీరు. కచేరీలో కూర్చుండి ఆదాయపు అంకెతో గీటుగీయలేదు. ఊరివారు ఒకచోట కూడి, నేలమీద తమ యూరి పటము వేసి, ఇల్లిల్లు గుర్తించి, ఏ యింట నేమి లేదో బహిరంగముగా చర్చించి వరుస కట్టిరి. ఏకాకియగు వితంతువెవరు, పిల్లవానిని జీతమునకు పెట్టిన యిల్లేది, ఈ సంగతులు పొరుగువారికి తెలిసినంత ఏ గుమాస్తాకును తెలియవు. తెలిసినవారే నిర్ణయించిరి, నిర్ణయించినవారే ఆ యింటివారి యెదుట మరునాడు నిలువవలసియుండెను. వ్యాకరణమున కర్తకు స్వాతంత్ర్యము ప్రధానలక్షణమందురు. ఊరి వ్యవహారమున దానికి జవాబుదారితనమును తోడైనప్పుడే అది పూర్ణమగును.

విత్తనము విషయమునను ఇట్లే. జొన్న, సజ్జ, కొఱ్ఱ, కంది, పెసర, అనుము, నువ్వు మొదలగు పలు పంటలను ఒకే చేనిలో కలిపి వేయుట ఆ సీమ యాచారము. ఒకటి యెండిన నొకటి నిలుచును. ఆ విత్తనములను స్త్రీలు తమ యిండ్లలో దాచి, అడిగినవారికి కొలిచి, పంటపిమ్మట కొంత హెచ్చుగా మరల కొలిపించుకొందురు. కొనవలసిన విత్తనమునకు వెల నిర్ణయించువాడు పరుడు. దాచిన విత్తనమునకు అధికారి ఆమెయే. 2008లో మాచనూరునందు వారి సంఘం రేడియో మొదలయ్యెను. 2019లో ఈక్వేటర్ బహుమానము లభించెను. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్య సంవత్సరముగా పాటించెను. పట్టణపు అంగళ్లలో కొఱ్ఱలు నేడు బియ్యముకంటె ప్రియము. బీదవాని కూడని మనము విడిచినదానిని వైద్యుడు చెప్పగా మరల వెదకుకొనుచున్నాము. దానిని కాపాడినవారి పేరు మాత్రము సంచిమీద ముద్రింపము.

దీనిపై మూడాక్షేపణములు వినబడును. మొదటిది, ఇది డెబ్బదియైదు గ్రామములవఱకే గదా, కోట్ల జనమున కెట్లు చాలునని. ఒక యూరి పద్ధతిని నకలు తీసి పదివేల యూళ్లకు అంటింపవలెనని మేమును కోరము. అట్లు చేసిన నాడే అది చచ్చును. వ్యాపింపవలసినది జొన్న కాదు, నిర్ణయాధికారము. ఖమ్మముజిల్లా పునుకుల గ్రామమున పత్తిరైతులు పురుగుమందుల అప్పులలో మునిగి, 2003 నాటికి తమ యూరిని మందులు లేని యూరుగా చేసికొనిరి. వారి పంట వేఱు, కష్టము వేఱు. నిర్ణయించిన తీరు మాత్రము ఒకటే.

రెండవది, ఊరను మాట యేకవచనమే గాని ఊరు ఏకము కాదని. ఇది నిజమైన యాక్షేపణము. కులము, భూమి, మగవాని మాట, ఇవన్నియు గ్రామసభలో ముందువరుసను కూర్చుండును. ఊరికి అప్పగించితిమని చెప్పి పెద్దకమతము గలవానికి అప్పగించిన ఉదాహరణములు కొల్లలు. అందుచేతనే జహీరాబాదులో భూమి తక్కువగల దళితస్త్రీల సంఘమే గాదె తాళపుచెవి పట్టుకొనుట గమనింపదగినది. సముదాయమనగా నెవరని యడుగని సముదాయాభివృద్ధి పాత పెత్తనమునకు క్రొత్త పేరగును.

మూడవది, జనము తామే చేసికొందురన్నచో ప్రభుత్వము చేతులు కడిగికొనునని. ఈ భయమును మాకును కలదు. స్వయంసహాయమను మాట చెప్పి భూమి పంపకమును, నీటిని, న్యాయమైన కూలిని మరపించుట కపటము. దినమున కొక రూపాయి పొదుపు చేసి యెవరును ఎకరము భూమి కొనలేదు. కాని కర్తృత్వము కోరుట ప్రభుత్వమును విడిపించుట కాదు. దానిని లెక్కకు పిలుచుట. ఉపాధిహామీ చట్టము 2005లో శాసనమై, 2006 ఫిబ్రవరి 2న అనంతపురముజిల్లా బండ్లపల్లిలో పని మొదలయ్యెను. పని అడుగుట కూలివాని హక్కని, అడిగిన పదునైదు దినములలో ఇయ్యవలెనని అందు చెప్పబడెను. దానితోపాటు మన రాష్ట్రమున సామాజిక తనిఖీ యనునది బలపడి, 2009లో అందుకై ప్రత్యేకసంస్థ యేర్పడెను. కూలిపట్టీలోని పేర్లను అంకెలను ఊరి నడుమ బిగ్గరగా చదివి, నీవు పని చేసితివా, నీకింత కూలి ముట్టెనా యని యడుగుదురు. చనిపోయినవాడు చెఱువు త్రవ్వినట్లు వ్రాసిన పట్టీ ఆ సభలో నిలువదు. సొమ్ము ప్రభుత్వముది, లెక్క యడుగు నోరు కూలివానిది. ఈ రెండును విరోధించునవి కావని దీనివలన స్పష్టమగుచున్నది.

కావున గ్రామాభ్యుదయమును గూర్చిన యే వ్రాత చేతికి వచ్చినను మా చదువరులు మూడు ప్రశ్నలు వేయుదురు గాక. ఏమి చేయవలెనని నిర్ణయించినవారెవరు? లెక్కపుస్తక మెవరి యింట నున్నది? మాకు వద్దని చెప్పు నధికారము ఆ యూరివారికి కలదా? మూడవది మిక్కిలి ముఖ్యము. పుచ్చుకొనుట యెవనికైనను సాధ్యము, వద్దనగలవాడే స్వతంత్రుడు. ఈ మూడింటికి జవాబు లేని నివేదికలో ఎన్ని కోట్ల యంకెలున్నను అది దానపత్రమే గాని అభ్యుదయచరిత్ర కాదు.

విద్యావంతుల గృహములు చేయదగిన పనియు నిందులో కలదు. మన యింట పనిచేయు స్త్రీయు ఏదో యొక సంఘములో సభ్యురాలై యుండును. ఆమె సంఘమునకు మన మేమి యిత్తుమని యడుగుటకు ముందు, ఆ పుస్తకములోని లెక్క ఆమె చదువగలదా యని విచారింపవలెను. చదువలేనిచో అది నేర్పుట మన వంతు. నేర్పిన పిమ్మట ఆమె ఆ లెక్కను ఎవరి యెదుట విప్పవలెనో, ఎవరిని ప్రశ్నింపవలెనో చెప్పుట మన వంతు కాదు. అది ఆమెయే నిర్ణయించుకొనును.